తెగిన మాటను అందుకునే నేర్పు

సంస్థల సంస్కృతి మీద ఎడ్గార్ షైన్ రాసిన పుస్తకాలు మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకు పరిచయమే. నాకు మాత్రం ఆయన మీటింగులో కూర్చునే తీరే ఎక్కువ ఇష్టం. ఎంఐటీలో పాఠాలు చెబుతూనే, డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీకి సలహాదారుగా వెళ్లేవారు. అక్కడ పెద్దల సమావేశమంటే చేపల బజారే. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకోవడం, గొంతులు లేవడం. కాస్త ఒకరి మాట ఒకరు వినండని షైన్ మొదట చెప్పి చూశారు. సరేనన్నారు, మళ్లీ మామూలే. ఇక ఆ నీతులు మానేసి, లేచి చార్టు దగ్గరికెళ్లి వచ్చిన ఆలోచననల్లా రాయడం మొదలుపెట్టారు. ఎవరి మాటైనా మధ్యలో తెగితే ఆ మనిషి వైపే తిరిగి, మిగతాది అడిగి పూర్తి చేయించేవారు. రాసేవాడి చేతిలో పెన్ను ఉంటే గొంతు పెంచనక్కర్లేదు మరి! వాదనలో నిలిచిన ఆలోచనే నిజమని వాళ్ల గట్టి నమ్మకమనీ, ఆ రభసకు మూలం మర్యాద లేకపోవడం కాదనీ ఆయనకు క్రమంగా అర్థమైంది. పైకి కనిపించే పద్ధతులు, నోటితో చెప్పుకునే విలువలు, వాటి కింద ఎవరూ అనని నమ్మకాలు అంటూ 1985 నాటి పుస్తకంలో ఆయన విడదీసి చూపిన పొరలు అలాంటి గదుల్లో పట్టుకున్నవే. టీమును మార్చాలని తొందరపడేవాళ్లు వచ్చే మీటింగులో సలహా పక్కనపెట్టి, ఒక్కసారి ఆ పెన్ను పట్టుకుని చూడండి.