సూర్యుడిలో హీలియం ఎంత?

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణులు బిగించారు. ఆనాటి వర్ణపటాల్లో సూర్యుడి అంచున కనబడిన పసుపుపచ్చ గీత కొత్త మూలకానిదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. అదే హీలియం. ఉందని తెలిసింది సరే, ఎంత ఉందో మాత్రం వెలుగు చెప్పలేకపోయింది. హీలియం గీతలు పడాలంటే విపరీతమైన వేడి కావాలి. సూర్యుడి ఉపరితలంపై ఉన్న సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ అందుకు చాలదు. ఆ లెక్క ధ్వని వల్లనే తేలింది.

శూన్యం దాటి ధ్వని రాదు కాబట్టి దాన్ని కంటితోనే పట్టాలి. సూర్యుడి పైపొర దాదాపు ఐదు నిమిషాలకోసారి ఉబికి కుంగుతోందని 1960లో మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో లెయిటన్ గమనించాడు. ఉబికితే వర్ణపట గీత రవ్వంత నీలంవైపు, కుంగితే ఎరుపువైపు జరుగుతుంది. ఆ జరుగుడును కొలవడమే సూర్యుడి ధ్వనిని చదివే విద్యకు మొదటి మెట్టు. ఈ కదలికలన్నీ లోపల చిక్కుకున్న ధ్వని తరంగాలని మరో పదేళ్లకు తెలిసింది. పైన మరిగే వాయువులు పుట్టించిన ధ్వని లోతుకు దిగేకొద్దీ వేగం పుంజుకుని, దారి వంగి పైకి తిరుగుతుంది. ఉపరితలం తాకి మళ్లీ దిగుతుంది. కొన్ని తరంగాలు పైపైనే తిరుగుతాయి, కొన్ని కేంద్రం దాకా వెళ్లొస్తాయి. అందుకే పొరపొరకూ విడిగా లెక్క కట్టొచ్చు.

రాత్రి పడి పరిశీలన తెగితే లెక్కలో దొంగ స్వరాలు చొరబడతాయి. అందుకని 1995 నుంచి గాంగ్ పేరుతో భూమి చుట్టూ ఆరు కేంద్రాలు వంతులవారీగా సూర్యుణ్ణి చూస్తున్నాయి. వాటిలో ఒకటి మన ఉదయ్‌పూర్‌లో ఉంది. పెద్ద దుర్భిణి కన్నా ఈ ఎడతెగని కాపలానే నాకు గొప్పగా తోస్తుంది.

బిందె నిండుతుంటే చప్పుడు మారుతుంది; చూడకుండానే కుళాయి కట్టేస్తాం. అలాగే సూర్యుడిలో ధ్వని వేగం వేడినిబట్టీ, అక్కడి కణాల సగటు బరువునిబట్టీ మారుతుంది. ఉపరితలం నుంచి వ్యాసార్థంలో 2 శాతం లోతున హీలియం తన రెండో ఎలక్ట్రాన్‌నూ వదులుకుంటుంది. అక్కడ వాయువు నొక్కుడుకు కాస్త మెత్తబడి, ధ్వని వేగంలో చిన్న మెలిక పడుతుంది. ఆ మెలిక ఎంతుందో చూసి హీలియం పాలు చెప్పొచ్చు. సర్బానీ బసు, ముంబయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఆంటియా 1995లో ఇచ్చిన లెక్క ప్రకారం పైపొరల బరువులో అది దాదాపు 25 శాతం. సూర్యుడు పుట్టినప్పుడు 27 శాతం దాకా ఉండాలి. తగ్గిన మేర ఈ 460 కోట్ల ఏళ్లలో మెల్లగా లోపలికి దిగిపోయింది.

ఆక్సిజన్, కార్బన్ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. 2000 తర్వాత వర్ణపటాలను మళ్లీ లెక్కించినవాళ్లు వాటి పాళ్లు బాగా తగ్గించారు. ఆ అంకెలతో కట్టిన సూర్యుడి నమూనాలో మరిగే పొర అడుగు ఉండాల్సిన చోట లేదు. ధ్వని ప్రకారం అది కేంద్రం నుంచి వ్యాసార్థంలో 71.3 శాతం దగ్గరుంది. 2022లో ఇంకో బృందం పాళ్లు మళ్లీ పెంచింది, అందరూ ఒప్పుకోలేదు. తప్పు పాళ్లది కాదు, లోపలి వాయువు వెలుగును అడ్డుకునే తీరును మనం అంచనా వేసిన పద్ధతిదనే వాళ్లూ ఉన్నారు. ఏదేమైనా ధ్వని కొలిచిన లోతును మాత్రం ఎవరూ వేలెత్తి చూపడం లేదు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు.