“నగ్న ద్వీపం”: ఒలికిన నీళ్ళు

శ్రమను గురించి మనం చాలా వ్రాశాం. కాని శ్రమకు ఎంత బరువుంటుందో చూపిన కళాఖండాలు తక్కువ. కనేతో షిందో 1960లో తీసిన జపాన్ చిత్రం “నగ్న ద్వీపం” ఈ మధ్యనే నా కంటబడింది. ఆ కొద్దిపాటి కళాఖండాల సరసన దీనికి చోటివ్వక తప్పదని నా అభిప్రాయం.

కథ చిన్నది. సెతో అంతర సముద్రంలో ఒక బుల్లి దీవి. భార్యాభర్తలు, ఇద్దరు మగపిల్లలు. మరో కాపురం లేదు. చుట్టూ సముద్రమే, కాని పైరుకూ గొంతుకూ పనికివచ్చే నీటిచుక్క లేదు. పడవలో పక్క దీవికి పోయి నీళ్ళు తేవాలి, కావడి భుజాన వేసుకుని నిటారు కొండ ఎక్కాలి, మొక్క మొక్కకూ పోయాలి. చిత్రంలో సంభాషణ దాదాపు లేదు. నటులు నొబుకో ఒతొవా, తైజి తొనొయామా నిజంగా నీళ్ళు నింపిన బకెట్లనే మోశారు. ఆ బరువు వారి అడుగులో కనబడుతుంది. అప్పుల్లో వున్న ఒక స్వతంత్ర సంస్థ కొద్దిమంది సిబ్బందితో తీసిన ఈ చిత్రం 1961లో మాస్కో ఉత్సవంలో అగ్రబహుమతిని పంచుకున్నది.

దీనిపై ఒక ఆక్షేపణ రాగలదు. అది తేలికగా తీసివేయదగింది కాదు. ఈ మనుషులు ఎందుకిలా బ్రతుకుతున్నామని అడగరు. అయితే ఇది ఓర్పుకు పట్టిన హారతి కాదా? షిందోకు ఇటువంటి నింద కొత్త కాదు. 1952లో జపాన్ ఉపాధ్యాయ సంఘం తరఫున ఆయన తీసిన “హిరోషిమా బిడ్డలు” కన్నీళ్ళతోనే సరిపెట్టిందని, రాజకీయం చెప్పలేదని ఆ సంఘమే అసంతృప్తి చెంది, వేరొక దర్శకునిచేత మరో చిత్రం తీయించింది.

అయినా నేనీ ఆక్షేపణతో ఏకీభవించలేను. కారణం రెండు సన్నివేశాలలో వుంది. మొదటిదానిలో, కొండ ఎక్కుతున్న భార్య కాలు తడబడి ఒక బకెట్టు ఒలికిపోతుంది. భర్త ఆమెను చెంపమీద కొట్టి పడగొడతాడు. అతడు దుర్మార్గుడని దర్శకుడు చెప్పడు. అక్కడ మనిషికంటే నీటికి విలువ పెరిగిపోయిందని చూపుతాడు. తరువాత పెద్దకొడుకు జబ్బుపడతాడు. తండ్రి పరుగెత్తి డాక్టరును తెచ్చేసరికి బిడ్డ ప్రాణం పోయింది. అంత్యక్రియలు ముగిశాక మళ్ళీ అదే కావడి. అప్పుడా తల్లి తనంతట తానే నీళ్ళు కుమ్మరించివేస్తుంది. మొక్కలు పెరికి, నేలమీద పడి ఏడుస్తుంది. ఈసారి భర్త చెయ్యెత్తడు, చూస్తూ నిలబడతాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బిడ్డ ప్రాణంకంటే నీటికి ఎక్కువ విలువకట్టిన లెక్కను ఆమె ఆ ఒక్క నిమిషం తిరస్కరించింది. ఆ కోపం న్యాయమైనదని భర్తకు తెలుసు. మళ్ళీ లేచి ఆమె పనిలోకి దిగటం లొంగుబాటు కాదు. ఇరుగుపొరుగు లేని దీవిలో ఒంటరి కుటుంబం తిరుగుబాటు అంతకుమించి సాగదు. తోడులేని కోపం నేలను గుద్దుకుని ఆగిపోతుంది. ఈ మాటను ఏ పాత్రచేతా చెప్పించకపోవటమే షిందో వాస్తవికత.

ఒక లోటు మాత్రం నాకు మిగిలే వుంది. పండిన గింజలో భాగం భూస్వామికి చేర్చే ఘట్టం క్షణంలో దాటిపోతుంది. నింద చాలావరకు ప్రకృతిమీదనే పడుతుంది. అందుకే దీనిని విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి చూసి తర్కించాలని కోరుతున్నాను. ఆ చర్చలో మొదటి ప్రశ్న ఇదే కావాలి: డాక్టరు అంత దూరాన ఎందుకున్నాడు?