దూలం ఆనిన చోట

సింప్లీ సపోర్టెడ్ బీమ్ ఇంజనీరింగ్ విద్యార్థి తొలినాళ్లలోనే నేర్చుకునే లెక్క. కాగితం మీద ఒక కొసన త్రిభుజం, మరో కొసన చిన్న సున్నా గీస్తే పిన్, రోలర్ అయిపోయినట్టే. అదే దూలాన్ని విశ్లేషణ సాఫ్ట్‌వేర్లయిన ఆన్సిస్‌లోనో అబాకస్‌లోనో ఘనరూపంలో కట్టినప్పుడు ఆ త్రిభుజాన్ని ఎక్కడ పెట్టాలన్నది మనమే తేల్చుకోవాలి.

అందుకే ఎవరైనా కుర్ర ఇంజనీరు మోడల్ తెస్తే నేను ముందు రంగుల బొమ్మ చూడను. సపోర్టుల దగ్గర అడ్డంగా ఎంత రియాక్షన్ వచ్చిందో చూపించమంటాను. నిలువు బరువు మాత్రమే మోసే ఇలాంటి దూలంలో అది సున్నా రావాలి.

6 మీటర్ల దూలం, 500 మిల్లీమీటర్ల లోతు, దీర్ఘచతురస్రపు కోత, మీటరుకు 20 కిలోన్యూటన్ల బరువు అనుకుందాం. చేతిలెక్కలో నడిమి మూమెంట్ 90 కిలోన్యూటన్ మీటర్లు. ఘన మూలకాల నోడ్‌లకు తిరుగుడు ఉండదు కనుక చాలామంది రెండు కొసల్లోనూ అడుగు అంచును పట్టి మూడు దిక్కులా బిగిస్తారు. కొస తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పిన్ అనే నమ్ముతారు. కానీ దూలం కుంగితే అడుగు సాగాలి. రెండు అంచులూ కదలకపోతే సపోర్టులు లోపలికి తోస్తాయి. ఆ తోపుడు 180 కిలోన్యూటన్లు. దూలం మీది మొత్తం బరువే 120! నడిమి మూమెంట్ సగానికి, 45కి పడిపోతుంది; కుంగుదల అయిదింట రెండు వంతులే మిగులుతుంది. అంత తోపుడును ఏ ఇటుక గోడ ఆపగలదు? ఆ 45ని నమ్మి కమ్మీలు వేస్తే?

బిగింపు తక్కువైతే సాఫ్ట్‌వేరే గోల పెడుతుంది. స్టాడ్‌లో ఒంటరి దూలానికి రెండు కొసలా పిన్ పెడితే, అది తన అక్షం చుట్టూ దొర్లగలదని హెచ్చరిస్తుంది. ఎక్కువైతే మాత్రం మాట్లాడదు. నాకు భయం అక్కడే.

మన 6 మీటర్ల దూలానికి ఒక అంచుకు నిలువుగా, పొడవునా బిగింపు. రెండో అంచుకు నిలువుగా మాత్రమే. పక్కకు జారకుండా కొసకొక నోడ్. ఇంతే కావాలి. మెష్ సన్నబడేకొద్దీ ఆ అంచుల దగ్గర ఒత్తిడి పెరుగుతూనే పోతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఫ్లైఓవర్ గర్డర్ అయితే నియోప్రీన్ ప్యాడ్ మీద కూర్చుంటుంది. 30 మీటర్ల కాంక్రీటు గర్డర్ 30 డిగ్రీల తేడాకు దాదాపు 11 మిల్లీమీటర్లు సాగుతుంది, ఆ మేరకు ప్యాడ్ పక్కకు ఒరుగుతుంది. అక్కడ పిన్నూ రోలరూ మాని, ప్యాడ్ గట్టిదనాన్నే స్ప్రింగ్‌గా ఇమ్మంటాను. అప్పుడు అడ్డంగా వచ్చే కొద్దిపాటి రియాక్షన్‌ను కింది స్తంభం లెక్కలో తప్పక కలపాలి.