లినక్సులో వోల్టేజి మార్పిడి: ఒక పరిశీలన

మామూలు ఎస్‌.డి. కార్డు కంప్యూటరుతో మొదట 3.3 వోల్టులపై మాటలాడును. వేగము హెచ్చవలెనన్న సంకేతమును 1.8 వోల్టులకు దింపవలెను. పొట్టి మెట్టును త్వరగా ఎక్కి దిగవచ్చును గదా! ఈ దింపుడును నడుపు లినక్సు డ్రైవరు భాగము విద్యార్థులు చదువదగినది.

11వ ఆజ్ఞకు ఒప్పుకొన్న కార్డు తన తీగలను సున్నకు లాగి పట్టును. డ్రైవరు గడియారపు స్పందనలను ఆపి, వోల్టేజి మార్చి, కొంత తాళి, మరల నడపును. కార్డు తీగలను విడిచినదా, మార్పు కుదిరినట్లే. విడువనిచో విద్యుత్తు తీసివేసి మొదటినుండి ఆరంభించును. ఒప్పుకోలుతో తృప్తిపడక తీగ స్థితిని చూచుట మెచ్చదగినది. నియమము 5 మిల్లీసెకన్లు చాలుననగా రచయితలు 10 ఆగిరి; అనుభవజ్ఞుల పని!

మెచ్చలేనిది ఒకటి కలదు. కంట్రోలరు చిప్పు 1.8 వోల్టులు తనకు చేతనగునని చెప్పును. కాని బోర్డుపై అందుకు తగిన రెగ్యులేటరు లేకపోవచ్చును. అట్టిచోట బోర్డు వర్ణనలో ‘నో-1-8-వి’ అని వ్రాయవలెను. మరచినచో? చిప్పు మారితిననుకొనును, తీగలపై 3.3 వోల్టులే నిలుచును. కార్డు పనిచేయక మొరాయించవచ్చును, 1.8కి దిగిన కార్డుపై అధిక వోల్టేజి పడు ప్రమాదమును కలదు. లేదని వ్రాయనంతవరకు ఉన్నట్లే యెంచుట విద్యుత్తు విషయమున తగదు.

మంచి మార్గము అందులోనే యున్నది. తీగల రెగ్యులేటరును వర్ణనలో చూపినచో ఎస్‌.డి.హెచ్‌.సి.ఐ. డ్రైవరు ఆ వోల్టేజి ఇవ్వగలవా యని దానినే అడుగును. ఇవ్వలేదన్నచో వేగపు పద్ధతులను తానే కొట్టివేయును. ఈ ప్రశ్న అన్ని బోర్డులకును తప్పనిసరి చేయవలసినది.