ఆనందవనం చేతిపని

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో మా కోటబొమ్మాళి, టెక్కలి, వజ్రపుకొత్తూరు జనానికి నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి రోజుల్లో జాతీయ రహదారి వెంట సాయం లారీలు వచ్చాయి. బియ్యం, మంచినీళ్లు, దుప్పట్లు పంచారు. వాళ్ల మంచి మనసుకు ఇప్పటికీ దండం పెడతాను. అయితే నాకు కనబడినంతలో పంచడానికి వచ్చినవాళ్లే ఎక్కువ, ఒళ్లు వంచి పని చేయడానికి వచ్చినవాళ్లు తక్కువ. లారీ దాకా నడిచి రాలేనివాళ్ల గడప వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు మరీ తక్కువ. స్వచ్ఛంద సేవ అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు మహారాష్ట్రలోని కుష్ఠు రోగుల ఆశ్రమం ఆనందవనం గుర్తొచ్చేది అందుకే. అక్కడ సేవకని వచ్చినవాళ్ల చేతికి ముందుగా ఇచ్చేది పార, తట్ట.

ఆనందవనం మనకు పెద్ద దూరమేమీ కాదు. ఢిల్లీ రైల్లో బల్లార్షా, చంద్రపూర్ దాటి నాగపూర్ వైపు పోతుంటే వరోరా స్టేషను వస్తుంది. ఆ ఊరి పక్కనే ఉంది. మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవులకు ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లా అది. వరోరాలో వకీలుగా పనిచేసిన మురళీధర్ దేవీదాస్ ఆమ్టే, అంటే బాబా ఆమ్టే, 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించారు. కలకత్తా వెళ్లి కుష్ఠు వైద్యంలో శిక్షణ పొంది వచ్చారు. ప్రభుత్వం ఇచ్చిన 50 ఎకరాల రాతినేల మీద 1951లో వినోబా భావే చేతుల మీదుగా ఆనందవనం మొదలైంది. ఆమ్టే దంపతులు, పసివాళ్లయిన ఇద్దరు కొడుకులు, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, చేతిలో 14 రూపాయలు. పెట్టుబడి అంతే. ఈ లెక్క చాలామంది చెబుతారు. ఆ రాతినేలను తవ్విన చేతుల గురించి మాత్రం తక్కువమంది చెబుతారు.

కుష్ఠు ముదిరితే మోచేతి దగ్గర నరం దెబ్బతింటుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోతాయి. అరచేతిలో స్పర్శ పోతుంది. మనం గునపం పట్టుకున్నప్పుడు ఎంత గట్టిగా పట్టాలో చర్మమే చెబుతుంది. పిడి జారుతుంటే కాస్త బిగిస్తాం, మంట పుడితే వదులుతాం. స్పర్శ లేని చేతికి ఆ కబురు అందదు. అందుకని ఆ మనిషి అవసరానికి మించి బిగించి పడతాడు. బొబ్బ లేచినా, పగిలినా, చీము పట్టినా తెలియదు. వేళ్లు పోయేది రోగం నేరుగా తినేయడం వల్ల కాదని, ఇలా తెలియకుండా తగిలిన దెబ్బల వల్లేనని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం ఆ రోజుల్లోనే పట్టుకుంది. పనిముట్టు పిడిని లావు చేయడం, దానికి మెత్తటి చుట్టు వేయడం, పని దిగిన ప్రతిసారీ అరచేతిని కళ్లతో చూసుకోవడం మందుతో సమానమైన వైద్యం. ఆనందవనంలో నూతి కోసం బండను పగలగొట్టినవాళ్ల చేతులు ఇలాంటివి. ఆ నీళ్లతో జొన్నలు, కూరగాయలు పండించినవీ ఆ చేతులే.

పంట చేతికొచ్చాక అసలు కష్టం మొదలైంది. వరోరాలో ఆ కూరగాయలు కొనేవాళ్లు లేరు. ముట్టుకుంటే రోగం అంటుకుంటుందన్న భయం.

ఆ భయాన్ని కదిపినవాళ్లలో సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కార్యకర్తలున్నారు. స్విట్జర్లాండుకు చెందిన పియేర్ సెరెసోల్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920లో, ఫ్రాన్సులో వెర్డన్ దగ్గర కూలిపోయిన ఊరిని తిరిగి కట్టడానికి పోగుచేసిన చిన్న బృందం నుంచి పుట్టింది ఆ సంస్థ. 1934 బీహారు భూకంపం తర్వాత సెరెసోలే మన దేశానికి వచ్చి ఊళ్లు కట్టే పనిలో దిగారు. 1950ల తొలినాళ్లలో ఆ సంస్థ తరఫున వేర్వేరు దేశాల కుర్రాళ్లు, అమ్మాయిలు ఆనందవనంలో మకాం వేశారు. ఆసుపత్రి గదులు కట్టారు. ఇటుకలు మోశారు, గోడ లేపారు. ఆ నేలలో పండిందే తిన్నారు, రోగుల పక్కనే పడుకున్నారు. వరోరా జనం ఇదంతా చూశారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు నిక్షేపంగా తిని తిరుగుతుంటే మనకేమవుతుందన్న ఆలోచన పుట్టింది. ఆనందవనం కూరగాయలు అంగడికి చేరాయి.

ఆ కార్యకర్తలు చేసిన రెండు పనుల్లో నేను గోడకన్నా భోజనానికే ఎక్కువ విలువిస్తాను. గోడ కూలి మేస్త్రి కూడా కట్టగలడు.

ఆనందవనంలో తర్వాతి కాలంలో లేచిన ఇళ్లలో ఇటుక కమాను కప్పు వేసినవి ఉన్నాయి. బాబా ఆమ్టే పెద్దకొడుకు డాక్టర్ వికాస్ ఆమ్టే ఇలాంటి చవక కట్టడాల మీద చాలా శ్రద్ధ పెట్టారు. ఈజిప్టు నూబియా ప్రాంతపు పాత పద్ధతి ఇది. మామూలు స్లాబుకు కింద సెంట్రింగు కొట్టాలి, ఇనుము కట్టాలి, బరువులు పైకెత్తాలి. ఇందులో ఆ గొడవ లేదు. వెనక గోడకు మొదటి వరస ఇటుకలను కాస్త వాలుగా ఆనిస్తారు. రెండో వరస మొదటి దాని మీద వాలుతుంది, మూడోది రెండో దాని మీద. ఒక్కో వరసా పూర్తయ్యేసరికి విల్లులా బిగుసుకుని తన బరువును తనే పక్క గోడలకు దించేస్తుంది. దీనికి కావాల్సింది కండబలం కాదు, ఓపిక, వాలు చూసే కన్ను. ఒక చేతిలో పట్టు తప్పినవాడు కూడా ఒక్కో ఇటుకా అందించగలడు, పేర్చగలడు. ఉండబోయేవాడికి చేతనయ్యే పద్ధతిలో ఇల్లు కట్టడం అంటే ఇదే అనిపిస్తుంది నాకు. మంచి పనితనం అంటే కట్టినవాడి నేర్పు ఒక్కటే కాదు. రేపు పగులు వస్తే అందులో ఉన్నవాడే సరిచేసుకోగలగాలి.

ఇదే గుణం ఒక చెప్పులో కూడా కనిపిస్తుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కుష్ఠు వచ్చి తగ్గినవారికి ఇచ్చే ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పును ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. పాదం ఆనే పొర సన్నని గాలిబుడగలు నిండిన రబ్బరు. బొటనవేలితో నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది. దాని కింద ముల్లు దిగని గట్టి అట్ట. ఎక్కడా మేకు ఉండదు. అన్నీ కుట్లు, సొల్యూషను అతుకులే. కారణం తేలిక. అరిగిన చెప్పులోంచి మేకు పైకి పొడుచుకొస్తే మనం అరిచి కాలు తీస్తాం, స్పర్శ లేని పాదం రోజంతా దాని మీదే నడుస్తుంది. బొటనవేలి సందులో పట్టుకునే గుండీ కూడా ఉండదు, వేళ్లకు ఆ పట్టు ఉండదు కాబట్టి. బదులుగా పాదం మీద రెండు పట్టీలు, మడమ వెనక ఒకటి. చూడ్డానికి మామూలు చెప్పు. మామూలుగా కనబడడం కూడా అందులో పనితనమే, ఎందుకంటే తేడాగా కనిపించే చెప్పు వేసుకుని సంతకు వెళ్లాలంటే ఎవరికైనా మనసొప్పదు. మన పక్కన సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి వందేళ్లకు పైగా ఇలాంటి రోగుల మధ్యే ఉంది. పాదాన్ని కాపాడడమంటే ఏమిటో ఉత్తరాంధ్రలో కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆనందవనంలో చెప్పులు కుట్టే చోటు, మగ్గాలు, వడ్రంగం, రేకు పని, అచ్చు పని అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక కుష్ఠు నయమయ్యే జబ్బయింది. ఇతర వైకల్యాలున్నవారికీ ఆనందవనంలో చోటుంది: చూపులేని పిల్లలకు, వినబడని పిల్లలకు బడులున్నాయి, నడవలేనివాళ్లకు వృత్తి శిక్షణ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో కుష్ఠు నయమైనవారూ ఉన్నారు. చట్టం కంటే చాలా ముందే వీళ్లందరూ ఆ ఊళ్లో ఒకే బంతిలో కూర్చున్నారు.

స్వచ్ఛంద కార్యకర్తల రాక తర్వాత కూడా ఆగలేదు. చంద్రపూర్ జిల్లాలోనే మూల్ దగ్గరి సోమనాథ్‌లో, సంస్థకు దక్కిన అడవి భూమి మీద, 1960ల చివర్లో యువజన శిబిరాలు మొదలయ్యాయి. శ్రమ సంస్కార్ ఛావణీ అంటారు. మండు వేసవి, మే నెలలో జరుగుతాయి. పొద్దున్నే గట్టు పని, కాలువ పని, చెరువు పూడిక. ఎండెక్కాక చర్చలు. సేవ చేయడానికి వచ్చామనుకున్న కాలేజీ పిల్లలకు గట్టు వేయడం నేర్పేది అదే నేల మీద ఏళ్లుగా సేద్యం చేస్తున్న, వేళ్లు పోయిన రైతులు. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారన్న లెక్క ఆ గట్టు మీద తలకిందులవుతుంది. మన దగ్గర సేవా సంఘాలు ఈ ఒక్క ఏర్పాటును ఎత్తి తెచ్చుకుంటే చాలు.

మన జిల్లాలో ఇలాంటి పనికి పునాది లేకపోలేదు. 2000లో వెలుగు పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ పథకం నీడలోనే పల్లెల్లో వికలాంగుల సంఘాలు ఏర్పడ్డాయి, పొదుపులు చేశాయి, మండల సమాఖ్యలుగా కూడాయి. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకు పందిళ్లు వేసే కుర్రాళ్లూ, తిత్లీ తర్వాత రంపం పట్టుకుని పడిన కొబ్బరి చెట్లు కోసినవాళ్లూ మనవాళ్లే. ఆ సంఘాలూ, ఈ కుర్రాళ్లూ ఒక పని మీద కలవాలి.

ఏ పని అంటే, ర్యాంపుతో మొదలుపెట్టమంటాను. బడికి, పంచాయతీకి ర్యాంపు ఉందని కాగితం మీద రాస్తారు. వెళ్లి చూస్తే నిటారుగా ఉంటుంది, చక్రాల కుర్చీని ఇద్దరు తోస్తే తప్ప ఎక్కదు. దేశంలో ఒప్పుకున్న కొలత ఒకటికి పన్నెండు: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అడుగున్నర అరుగుకు పద్దెనిమిది అడుగులు కావాలి. స్థలం లేకపోతే మధ్యలో మలుపు తిప్పి, మలుపు దగ్గర కుర్చీ తిరిగేంత చదును ఇవ్వాలి. రెండు పక్కలా చేతికందే కమ్మీ ఉండాలి. సిమెంటు కలపకముందు ఇసుక బస్తాలు పేర్చి, పైన గట్టి పలకలు పరచి, ఆ ఊళ్లో మూడు చక్రాల బండి నడిపే మనిషినే పిలిచి ఎక్కి దిగమనాలి. ఎక్కడ చెయ్యి నొప్పి పుట్టింది, ఎక్కడ వెనక్కి జారింది అన్నది ఆ మనిషి చెబితే, మేస్త్రి రసమట్టం అక్కడ పెట్టి వాలు సరిచేయాలి. కాంక్రీటు ఆ తర్వాతే పొయ్యాలి. తొలి తట్ట ఎత్తేటప్పుడు సంఘం వాళ్లు, కుర్రాళ్లు కలిసే ఎత్తాలి, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే కలిసి తినాలి.