పగడం పట్టేదాకా

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మా చెల్లెలి కొడుకు చేసిన పనికి నాకు కోపం వచ్చింది. వాడు వస్తూ వస్తూ తన ట్యాంకు నుంచి రెండు పగడపు ముక్కలు పట్టుకొచ్చాడు. ఒక్కోటీ చిటికెన వేలంత ఉంటుంది. నేను గిన్నెలు సర్దుకుని ముందుగదిలోకి వచ్చేసరికి ఒకదాన్ని జిగురుతో నా రాయికి అతికించేశాడు. రెండోది చేతిలో ఉంది. "ఇంకా బెజ్జాలు వెతుక్కుని గుచ్చుతున్నావా పెద్దమ్మా? అందుకే అవన్నీ పడిపోతున్నాయి" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ ట్యాంకులో నేను జిగురు చుక్క పడనివ్వలేదు.

జిగురు మీద నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. కుర్చీ కాలు ఊడిన వారం రాశాను. పుస్తకాల బైండింగు గురించి రెండు వారాలు వరసగా రాశాను. కుట్టిన పుస్తకం మనవల దాకా వస్తుంది, అతికించిన పుస్తకం నాలుగోసారి తెరిస్తే అట్ట ఊడి చేతికొస్తుంది అన్నాను. ఒక వస్తువు ఇంకో వస్తువులో కుదురుగా ఒదగాలి, ఒదగనిచోట జిగురు పూసి ఒప్పించకూడదు అని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు మా తాతయ్య దగ్గర వచ్చిందని కూడా చాలాసార్లు రాశాను. ఆ మాట దగ్గరికి మళ్ళీ రావాలి.

ట్యాంకు సంగతి తెలియని కొత్త పాఠకుల కోసం రెండు ముక్కలు. టాంపాలో మా ఇంటి ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి ఉంది. 75 గ్యాలన్లు, అంటే దాదాపు 280 లీటర్ల ఉప్పునీళ్ళు. అందులో రాళ్ళు, ఆ రాళ్ళ మీద పగడాలు. పగడం రాయి కాదు, మొక్కా కాదు, జంతువు. సున్నపు గూడు కట్టుకుని, ఒంట్లో సూక్ష్మమైన నాచును పెట్టుకుని, అది వెలుతురులో వండిపెట్టేది తిని బతుకుతుంది. ఫ్లోరిడా సముద్రంలోంచి రాతిపగడం తీయడం నేరం. నా దగ్గరున్నవన్నీ ఇంకొకరి ఇంట్లో పెరిగిన పగడాల నుంచి విరిచి ఇచ్చిన ముక్కలు. కరివేపాకు పిలక ఇచ్చిపుచ్చుకున్నట్టు ఇక్కడ పగడాలు చేతులు మారతాయి.

నీళ్ళ గురించి నేను మొదలుపెడితే ఆపనని మా ఇంట్లో అంటారు. అయినా చెప్పాలి. ఉప్పు వెయ్యికి 35 వంతులు, వేడి 25, 26 డిగ్రీలు, లీటరుకు 420 మిల్లీగ్రాముల దగ్గర క్యాల్షియం, ఆల్కలినిటీ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. ఈ అంకెలు ఎవరైనా చెబుతారు. ఈరోజున్న అంకె రేపూ ఉండాలి, నెల తరవాతా ఉండాలి. అది కుదరక పగడాలు పోగొట్టుకున్నవాళ్ళు లైటు మార్చి, పంపు మార్చి, కొత్త సీసాలు కొని పోస్తుంటారు. నీళ్ళు నిలకడగా ఉంచండి, మిగతాది పగడం చూసుకుంటుంది అని పన్నెండేళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాను.

రాయి మీద నిలబెట్టే పనిని మాత్రం నా పద్ధతిలో చేసుకొచ్చాను. కొత్త ముక్క వస్తే దాని మొదలు ఎంత లావుందో చూసి, రాయిలో అంత బెజ్జం వెతికేదాన్ని. దొరక్కపోతే చిన్న ఉలితో తొలిచేదాన్ని. పక్కన సన్నటి రాతిముక్కలు దూర్చి బిగించేదాన్ని. గంట పట్టినా బాగుండేది ఆ పని. రాత్రి దీపాలారాక టర్బో నత్తలు బయల్దేరతాయి. నిమ్మకాయంత ఉంటుంది ఒక్కోటి. రాయి మీద నాచు గీక్కుంటూ, దారిలో ఏముంటే దాన్ని భుజంతో తోసుకుంటూ పోతుంది. పొద్దున్నే చూస్తే ముక్క ఇసకలో పడి ఉండేది. తీసి మళ్ళీ గుచ్చేదాన్ని. నాలుగేళ్ళ కిందట ఊదారంగు కొసల అక్రోపొరా ఒకటి అలాగే పడి, కింద ఉన్న హామర్ కోరల్ చేతుల్లో చిక్కింది. హామర్ కోరల్ కుడుతుంది. తెల్లారేసరికి నా అక్రోపొరా ఒక పక్కంతా చర్మం ఊడి ఎముక తేలింది. పది రోజులకి మొత్తం పోయింది. ఆ నత్తను తీసి స్నేహితురాలికి ఇచ్చేశాను. తప్పు నత్తదేనని అప్పట్లో అనుకున్నాను.

ఆదివారానికి వస్తాను. పంపులన్నీ ఆపమన్నాడు, ఆపాను. పురుగుమందు కలిపిన నీళ్ళలో రెండో ముక్కను ముందే ముంచి తెచ్చాడట. అది ఒక చిన్న సిమెంటు ప్లగ్ మీద ఉంది. ప్లగ్ అంటే బొత్తానికి కాడ పెట్టినట్టుండే బిళ్ళ. ఆ కాడను వాడు కటింగ్ ప్లయర్‌తో టప్పున విరిచాడు. విరిగేటప్పుడు బిళ్ళ కూడా అంచు దగ్గర పగిలింది. ఆ పగిలిన అంచును నేను కళ్ళద్దాలు పెట్టుకుని దీపం కింద చూశాను. కింద సిమెంటు. దాని మీద గోరు మందాన పసుపు తిరిగిన జిగురు, ఏడాది కిందట వాడు పూసింది. ఆ జిగురు మీదుగా, దాన్ని పూర్తిగా కప్పేసి, బిళ్ళ అంచు దాకా పాకిన తెల్లటి పగడపు గూడు. పైన పల్చగా గోధుమరంగు చర్మం. జిగురు ఎక్కడా బయటికి కనిపించడం లేదు. పగడం దాన్ని దాటిపోయి సిమెంటును తనే పట్టుకుంది.

తరవాత వాడు అడుగుభాగాన్ని టిష్యూతో అద్ది, జెల్‌లాంటి సూపర్‌గ్లూ బఠాణీ గింజంత పెట్టాడు. రెండు రంగుల ఎపాక్సీ పుట్టీని చపాతీ పిండిలా ఒకే రంగు వచ్చేదాకా పిసికి, ఉసిరికాయంత ఉండ చేసి దాని మీద అదిమాడు. ఉండ మీద మళ్ళీ జిగురు. చెయ్యి నీళ్ళలో పెట్టి, రాయి మీద ఆనించి, కొంచెం మెలితిప్పుతూ నొక్కాడు. నీళ్ళు తగలగానే జిగురు మీద తెల్లటి పొర కట్టేస్తుంది, మెలితిప్పితే ఆ పొర చిట్లి లోపలి జిగురు రాయిని పట్టుకుంటుంది. తెల్లటి పోగులు నాలుగు నీళ్ళలో తేలాయి. అర నిమిషం పట్టుకుని వదిలాడు. అది అక్కడే నిలబడింది.

ఈ సూపర్‌గ్లూ 1942లో కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందానికి దొరికింది. తుపాకులకు పారదర్శకమైన గురిచూసే పరికరాల కోసం ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది తగిలింది, ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పడేశారు. 1958లో గాని అమ్మకానికి రాలేదు. తడి తగిలితేనే గట్టిపడే గుణం దానిది. పొడి చోట వాడుకునే జిగురు అనుకున్నాను ఇన్నేళ్ళూ.

వాడు వెళ్ళాక చాలాసేపు ట్యాంకు ముందు కూర్చున్నాను. మా తాతయ్య గుర్తొచ్చారు.

మా అమ్మ నాన్నగారు బందరులో కంసాలి. వీధి అరుగు పక్క గదిలో కుంపటి, ఊదుగొట్టం, గురివింద గింజలతో తూచే చిన్న తక్కెడ, నీళ్ళగిన్నె. వేసవి సెలవుల్లో ఆ గది గుమ్మంలో కూర్చోవడానికి నాకొక్కదానికే అనుమతి ఉండేది, మాట్లాడకూడదన్న షరతు మీద. ఒకసారి ఒకావిడ నవరత్నాల పతకం తెచ్చింది. పగడం ఊడి చేతిరుమాలు కొంగున కట్టి ఉంది. ఇంట్లో చింతపండుతో తోమారట. తాతయ్య పగడాన్ని వెలుతురులో తిప్పి చూశారు. మెరుపు పోయి పాలిపోయింది. "పులుపు తగిలితే పగడం కరుగుతుందమ్మా, ఇది మిగతా రాళ్ళ లాంటిది కాదు" అన్నారు. కుంకుడురసంతో కూడా గట్టిగా రుద్దొద్దని చెప్పి పంపారు. ఆ పగడం సముద్రపు లోతుల చీకట్లో పెరిగే మధ్యధరా జాతిది. నా ట్యాంకులోవి వేరే జాతులు. కానీ రెండూ సున్నమే, పులుపుకు రెండూ కరుగుతాయి. పంపులకు పట్టిన గార కడగడానికి వెనిగర్ తీసినప్పుడల్లా నాకు తాతయ్య మాట వినిపిస్తుంది.

ఆరోజు పతకం బాగుచేయడం మొదటి నుంచి చివరి దాకా చూశాను. ఇన్నేళ్ళూ నేను అందరికీ చెప్పుకుంటూ వచ్చింది ఒక్క ముక్కే. రాయి కూర్చునే గూటిని తాతయ్య ఎంత ఓపిగ్గా సరిచేశారో, పగడాన్ని పెట్టి తీసి, పెట్టి తీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఎలా ఒదిగించారో అది. కుదురు ముఖ్యం అని నేను రాసిన కాలమ్‌లన్నీ ఆ చేతుల్లోంచి వచ్చాయి. ఆదివారం సాయంత్రం ఆ జ్ఞాపకంలో మిగతా భాగం కూడా వరసగా వచ్చింది. గూటిలోంచి పాత లక్కను ఆయన తొలిచేశారు. కొత్త లక్క ముక్క వేశారు. పగడానికి సెగ తగలకూడదు కాబట్టి సన్నటి కడ్డీని కాల్చి, లక్కను మాత్రం కరిగించారు. పగడాన్ని పెట్టి వేలితో అదిమి పట్టుకున్నారు. నేను వంగి చూడబోతే రెండో చేత్తో ఆపారు. "కదిలిందంటే పట్టదు. పట్టేదాకా దాని జోలికి పోకు" అన్నారు. లక్క చల్లారాక పగడం చుట్టూ కుందనపు రేకు, మేలిమి బంగారం, మెత్తటిది, కొంచెం కొంచెంగా వత్తుకుంటూ వెళ్ళారు. అంచు మూసుకుపోయింది. లక్క కనబడలేదు. ఆ పగడాన్ని ఇక పట్టుకునేది బంగారం.

లక్క అంటే జిగురే కదా. చెట్ల మీద పురుగులు కూడబెట్టే జిగురు. తాతయ్య దగ్గర అది ప్రతిరోజూ కుంపటి పక్కనే ఉండేది. గుమ్మంలో కూర్చుని రోజూ చూసిన నేనే దాన్ని నా కథలోంచి తీసేశాను.

పగిలిన ప్లగ్ అంచులో నేను చూసింది కుందనపు పనే. రేకు వత్తింది మాత్రం పగడం. దానికి కావలసినవి నాలుగైదు వారాలు, ఆ కొన్ని వారాలూ కదలకుండా ఉండే చోటు. మొదలు దగ్గర చర్మం రాయి మీదికి పాకాలి, పాకినచోట సున్నం పోసుకోవాలి. ముక్క రోజూ ఇంత ఊగినా ఆ పల్చటి చర్మం ఒరుసుకుపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. నా బెజ్జాల్లో నెలల తరబడి నిలబడ్డవి కూడా ఎందుకు పాదుకోలేదో నాకిప్పుడు తెలిసింది. బిగించానని నేననుకున్నాను గాని, నీటి ఉరవడికి అవి కనిపించకుండా ఊగుతూనే ఉన్నాయి.

సముద్రంలోనూ ఇదే. మన్నారు సింధుశాఖలో దశాబ్దాల పాటు సున్నం కోసం పగడాలు తవ్వారు. తవ్వినచోట మిగిలిన చితుకు అలలకు దొర్లుతూ ఉంటుంది, దొర్లే చితుకు మీద కొత్త పగడం నిలవదు. తూత్తుకుడి పరిశోధకులు ఇరవై ఏళ్ళకు పైగా సిమెంటు పలకలు దించి వాటి మీద ముక్కలు కట్టి పెంచుతున్నారు. ఇక్కడ ఫ్లోరిడా కీస్‌లో కెన్ నెడిమయర్ అనే ఆయన అక్వేరియంల కోసం సముద్రంలో రాళ్ళు పెంచేవాడు. ఆ రాళ్ళ మీద స్టాగ్‌హార్న్ పగడం దానంతటదే వచ్చి మొలిచింది. ఆయన దాన్ని ముక్కలు చేసి పెంచి, ఎపాక్సీతో పగడపు దిబ్బకు అతికించడం మొదలుపెట్టాడు. 2007లో కోరల్ రెస్టొరేషన్ ఫౌండేషన్ అలా పుట్టింది. 2023 వేసవిలో ఆ సముద్రం వేడెక్కినప్పుడు అలా అతికించినవి ఎన్నో తెల్లబడి చచ్చిపోయాయి. జిగురు ఊడి పోయినవి కావు, నీళ్ళు కాగి పోయినవి. నీళ్ళ గురించి నేను చెప్పేది ఇకముందు కూడా చెబుతాను.

జిగురు గురించి మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. కుర్చీకి, పుస్తకానికి నా మాట అదే. వాటికి తమంతట తాము పట్టుకునే శక్తి లేదు, జిగురు పోయిన రోజున అవీ పోతాయి. పగడానికి ఆ శక్తి ఉంది. మష్రూమ్ పగడాలు మాత్రం జిగురుకు లొంగవు, ఒళ్ళంతా జిడ్డు. వాటిని చితుకు రాళ్ళ గిన్నెలో వేసి పైన వల కట్టి, అవే పట్టుకునేదాకా రెండు వారాలు వదిలెయ్యాలి.

ఇండియా నుంచి చదివేవాళ్ళకి ఒక మాట. ఈ ట్యాంకు గురించి రాసినప్పుడల్లా, రామేశ్వరం వెళ్ళినప్పుడో అండమాన్ వెళ్ళినప్పుడో ఒక ముక్క తెచ్చుకోవచ్చా అని ఉత్తరాలు వస్తాయి. వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచీ దిబ్బలు కట్టే పగడాలున్నాయి, పులితో సమానంగా. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎండు ముక్క సంచిలో వేసుకున్నా నేరమే. గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే మంచినీళ్ళకీ బురదకీ మన తీరంలో చెప్పుకోదగ్గ దిబ్బలు పెరగలేదు. పెరిగినచోటికి వెళ్తే, నీళ్ళలో దిగి చూసి రండి. చెయ్యి పెట్టకండి.

సోమవారం ఉదయం మా వాడు వదిలి వెళ్ళిన జిగురు గొట్టంతో, ఇన్నాళ్ళూ బెజ్జాల్లో ఊగుతున్న ఐదు ముక్కలను నేనే తీసి అతికించాను. గురువారం రాత్రి ఇది రాసే వేళకి ఐదూ పెట్టినచోటే ఉన్నాయి.