పాలేరు, పాలివాడు: ఫిలేమోను పత్రికపై మన ప్రసంగముల పరిశీలన

1. ఉపోద్ఘాతము

విశ్వాసము మనిషి జీవితమును మారుస్తుందని చెప్పడానికి మన సంఘములలో తరచుగా వాడుకొనే వాక్యభాగములలో ఫిలేమోను పత్రిక ఒకటి. ఇరవై అయిదు వచనములే ఉన్న ఈ పత్రికను ప్రసంగించే తీరు దాదాపు అన్నిచోట్లా ఒక్కటే. ఒనేసిము దొంగ. యజమానుని సొమ్ము తీసికొని రోమాకు పారిపోయాడు. అక్కడ చెరసాలలో పౌలును కలిసికొని మారుమనస్సు పొందాడు. నిష్ప్రయోజకుడు ప్రయోజకుడై తిరిగి వెళ్లి యజమానుని క్షమాపణ కోరాడు. చివరిలో సభను ఉద్దేశించి, మీలో ఒనేసిములు ఎవరైనా ఉన్నారా అనే పిలుపు ఉంటుంది. మేము కూడా ఈ ప్రసంగమునే అనేక సంవత్సరములు చేశాము.

ఈ ప్రసంగములో మారవలసినవాడు ఒనేసిము ఒక్కడే. ఫిలేమోను తలుపు తెరిచి క్షమించడానికి మాత్రమే అక్కడ ఉంటాడు. అయితే పత్రిక ఒనేసిముకు వ్రాయబడలేదు. ఎవరి జీవితములో మార్పు రావాలని పౌలు కలము పట్టాడో ఆ వ్యక్తి అప్పటికే విశ్వాసి, తన ఇంటిలో సంఘమును చేర్చుకొన్న పెద్ద. మన ప్రసంగములు అతనిని ఎందుకు విడిచిపెట్టాయి, దానివలన సంఘమునకు కలిగిన నష్టమేమిటి అనే ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము.

2. పత్రిక చెప్పినది, మనము చేర్చినది

ముందుగా పత్రికలో లేని విషయములను వేరు చేయాలి. ఒనేసిము పారిపోయాడని పత్రికలో ఎక్కడా లేదు. 15వ వచనము అతడు ఎడబాసిన సంగతిని మాత్రమే చెబుతుంది, అది కూడా దేవుని సంకల్పమును సూచించే రీతిగా. దొంగిలించాడని కూడా లేదు. 18వ వచనము "ఒకవేళ" అనే షరతుతో నష్టమును గూర్చి, బాకీని గూర్చి మాట్లాడుతుంది. పౌలు ఏ పట్టణపు చెరలో ఉన్నాడో కూడా పత్రిక చెప్పదు. రోమా అని కొందరు, ఎఫెసు అని కొందరు తలుస్తారు.

దొంగ, పారిపోయిన దాసుడు అనే చిత్రము నాలుగవ శతాబ్దములో యోహాను క్రిసోస్తొము ప్రసంగములలో స్పష్టముగా కనిపిస్తుంది. ఆయన తరువాత అది సంఘములో స్థిరపడిపోయింది. 20వ శతాబ్దపు పండితులు ఈ చిత్రమును మళ్లీ పరీక్షించారు. జాన్ నాక్స్ 1935లో, అసలు యజమానుడు అర్ఖిప్పు అని వాదించాడు. పీటర్ లాంపె 1985లో, రోమా చట్టము ఆధారముగా మరొక వివరణ ఇచ్చాడు. యజమానునితో తగవు వచ్చినప్పుడు మధ్యవర్తిని ఆశ్రయించడానికి వెళ్లిన దాసుని చట్టము పారిపోయినవానిగా ఎంచేది కాదని, ఒనేసిము ఆ విధముగానే పౌలు దగ్గరకు వెళ్లి ఉండవచ్చునని అతని వాదన. అలెన్ కాలహాన్ 1993లో ఇంకా ముందుకు వెళ్లి, ఒనేసిము దాసుడే కాడని, ఫిలేమోనుకు స్వంత సహోదరుడని చెప్పాడు. 16వ వచనములోని సాధారణ అర్థము దీనికి ఎదురు నిలుస్తున్నది గనుక ఎక్కువమంది దీనిని అంగీకరించలేదు, మేమును అంగీకరించలేకపోతున్నాము.

ఈ వాదములలో ఏది సరియైనదని తేల్చడము మా ఉద్దేశము కాదు. లాంపె చెప్పినదానికి సాక్ష్యము చాలదని అనుకొన్నప్పటికీ ఒక్క సంగతి మిగులుతుంది. పత్రిక నేరము మోపని వ్యక్తిపై పదహారు వందల సంవత్సరములుగా మనము బోధపీఠము మీదనుండి నేరము మోపుతున్నాము. యజమానుడు చెప్పుకొనే కథను సువార్తగా ప్రకటిస్తున్నాము.

3. ఈ ప్రసంగము చేసిన పని

1833లో అమెరికాలోని జార్జియా రాష్ట్రములో ఛార్లెస్ కోల్కాక్ జోన్స్ అనే ప్రెస్బిటేరియన్ బోధకుడు నీగ్రో దాసుల మధ్య ఫిలేమోను పత్రికపై ప్రసంగించాడు. విధేయతను మెచ్చుకొని, పారిపోవడము పాపమని పౌలు పేరిట చెప్పాడు. వినేవారిలో సగము మంది లేచి వెళ్లిపోయారనీ, అటువంటి పత్రిక బైబిలులో లేనే లేదని కొందరు అన్నారనీ ఆయనే తన నివేదికలో వ్రాసికొన్నాడు. అక్షరము నేర్చుకోనివ్వబడని ఆ ప్రజలు, బోధకుని కంటే బాగా పత్రికను గ్రహించారని మేము తలుస్తున్నాము. ఆయన ప్రకటించిన పత్రిక నిజముగానే బైబిలులో లేదు.

ఇది పరదేశపు సంగతి అని విడిచిపెట్టడానికి మాకు వీలు లేదు. 1998లో, సేవారంభ దినములలో, ఒక గ్రామ సంఘములో మేమును అదే పని చేశాము. సంఘ పెద్దల్లో ఒకరికి పొలము ఉంది. ఆయన ఇంటి వరండాలో ప్రతి గురువారము ప్రార్థన కూడిక జరిగేది. అదే సంఘమునకు చెందిన ఒక యువకుడు ఆయన దగ్గర పాలేరు. అక్క పెండ్లికి తీసికొన్న అడ్వాన్సు తీరకముందే, సంవత్సరము మధ్యలో అతడు పని మానివేసి పట్టణములో తాపీ పనికి వెళ్లిపోయాడు. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లోనే వచ్చింది. ఆ సంగతి మాకు తెలుసు. అయినా పెద్దగారు వచ్చి, "అయ్యగారూ, ఒక్కసారి వాక్యము చెప్పండి, వాడికి బుద్ధి వస్తుంది" అన్నప్పుడు, ఆ యువకుడు పండుగకు ఊరు వచ్చిన ఆదివారము ఫిలేమోను పత్రిక చదివి, ఒనేసిము తిరిగి వెళ్లిన సంగతి ప్రసంగించాము. పెద్దగారు సంతోషించారు.

ఆరాధన ముగిసిన తరువాత ఆ యువకుని తల్లి మా దగ్గర నిలబడింది. ఆమెకు చదువు రాదు. "అయ్యగారండీ, చదివిన మాటల్లో ఆ బాకీ నా మీద వేసుకోమని పౌలుగారు చెప్పారు గదండీ. మరి మావాడి బాకీ ఎవరు వేసుకుంటారండీ?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసి పంపించాము. ఆ తరువాత ఆ యువకుడు మా సంఘములో కనిపించలేదు.

మేము నాలుగు సంవత్సరములు వేదాంత విద్య నేర్చుకొన్నవారము. ఆమె ఒక్కసారి విన్నది. 18వ వచనమును మేము చదివాము గాని ప్రసంగించలేదు, ఆమె ఆ వచనమునే పట్టుకొన్నది.

4. ఫిలేమోనులో రావలసిన మార్పు

పౌలు 5 నుండి 7 వచనములలో ఫిలేమోను విశ్వాసమును, ప్రేమను మెచ్చుకొంటున్నాడు. ఇది పొగడ్త కాదు, ఆ విశ్వాసము నిజమైనదే. అయినా 6వ వచనములో, ఆ విశ్వాసము కార్యకారి కావాలని ప్రార్థిస్తున్నాడు. అంటే నిజమైన విశ్వాసము ఉండి కూడా అది ఇంకా పనిచేయని చోటు ఒకటి అతని జీవితములో మిగిలి ఉన్నది. బాప్తిస్మము, పరిచర్య, ఇంటిలో సంఘము అన్నీ ఉన్న మనిషిలో ఆ చోటు అతని పనివానితో ఉన్న సంబంధమే. మార్పును రక్షింపబడిన దినముతో ముగిసిన సంగతిగా చెప్పే మన సాక్ష్యములకు ఈ వచనము గట్టి ప్రశ్న.

ఆ మార్పు మొదట మాటలో రావాలి. 16వ వచనములో గ్రీకు 'దూలొస్' అనే పదమును మన బైబిలు 'దాసుడు' అని తర్జుమా చేసింది. తెలుగులో దాసుడు భక్తిరసము గల మాట. భక్తులు కోరి పెట్టుకొన్న పేరు అది. మనలో పాస్టరును దైవదాసుడని గౌరవముగా పిలుస్తారు. అమ్మకమునకు, కొనుగోలుకు, కొరడాకు లోబడిన మనిషిని తెలుగువారు బానిస అంటారు. "బానిసగా కాదు, సహోదరునిగా" అని వినిపించినప్పుడు గాని ఈ వచనపు బరువు తెలియదు. ఫిలేమోను ఇక ఈ మనిషిని పిలిచే పిలుపే మారాలి. అదియు ప్రభువునందు మాత్రమే కాదు, శరీర విషయములోను అని పౌలు స్పష్టము చేస్తున్నాడు. ఆదివారము సహోదరుడు, సోమవారము "ఒరేయ్" అనే ఏర్పాటుకు ఇక్కడ స్థలము లేదు.

ఆ వాత్సల్యమునకు పౌలు వాడిన మాట 'స్ప్లాంఖ్న'. మనిషి లోపలి పేగులు అని దాని మూలార్థము. ఇది 7, 12, 20 వచనములలో మూడుసార్లు వస్తుంది. మన బైబిలు 12వ వచనములో ప్రాణము అనియు, మిగిలిన రెండు చోట్ల హృదయము అనియు తర్జుమా చేయడముతో ఈ వరుస తెగిపోయింది. తెలుగులో పేగుబంధము అనే మాట ఉన్నది. 10వ వచనములో ఒనేసిమును బంధకములలో కన్న కుమారుడని పిలిచిన పౌలు, ఆ పేగుబంధమునే ఫిలేమోను దగ్గరకు పంపుతున్నాడు.

రెండవది, వాకిలి దగ్గర మార్పు రావాలి. 17వ వచనములోని 'చేర్చుకొనుము' అనే మాట, రోమా 15:7లో విశ్వాసులు ఒకరినొకరు చేర్చుకోవాలని చెప్పే మాట ఒక్కటే. ఆ వచనములోనే 'కొయినోనొస్' అనే పదమును మన అనువాదకులు 'పాలివాడు' అని తెలిగించారు. 6వ వచనములోని 'కొయినోనియ' దగ్గర కూడా పాలివారు అనే మాటనే వాడి, గ్రీకులో ఉన్న సంబంధమును చక్కగా కాపాడారు. పాలు అంటే వాటా. పాలివాడు ఆస్తిలోను, పంటలోను భాగము గలవాడు, పంక్తిలో ప్రక్కన కూర్చుండేవాడు. పౌలు తాను ఫిలేమోనుకు పాలివాడైతే ఒనేసిమును తనవలెనే చేర్చుకొమ్మంటున్నాడు. పొలము గట్టున నిలబడిన పాలేరు, ఇంటి లోపల కూర్చుండే పాలివాడు కావాలన్నమాట. మన గురువారపు కూడికలలో వరండా మెట్టు మీద ఎవరు కూర్చుంటున్నారో, ప్రార్థన ముగిసిన తరువాత టీ ఏ గ్లాసులో ఎవరికి వస్తున్నదో చూస్తే, ఈ వచనము మన మధ్య ఎంతవరకు నెరవేరిందో తెలుస్తుంది.

మూడవది, లెక్కలో మార్పు రావాలి. 18వ వచనములో పౌలు వాడినది వ్యాపారుల లెక్కల పుస్తకములోని మాట. 19వ వచనములో స్వహస్తముతో వ్రాయడము, మనము ప్రోనోటు మీద సంతకము పెట్టడము వంటిదే. ఈ సందర్భములో రోమా రచయిత చిన్న ప్లినీ తన స్నేహితుడు సబినియానుకు వ్రాసిన లేఖను పండితులు పోల్చి చూపుతారు. అతని కోపమునకు గురియైన, విడుదల పొందిన ఒక దాసుని కొరకు ప్లినీ మనవి చేస్తున్నాడు. వాని కన్నీళ్లు చూచి, యౌవనము చూచి జాలి పడుమంటున్నాడు. మంచి లేఖ అది. అయితే ప్లినీకి దానివలన ఖర్చు ఏమీ లేదు, ఆ మనిషి స్థానము కూడా మారదు. పౌలు జాలిని అడగలేదు. చెరలో ఉన్నవాడు, చేతిలో రూపాయి లేనివాడు, బాకీని తన పేర వ్రాయుమని సంతకము పెట్టాడు. క్రీస్తు సిలువలో మన ఋణము తీర్చాడని ప్రకటించే బోధకునికి, ఆ సిద్ధాంతము ఒక పేదవాని అడ్వాన్సు దగ్గర ఏ రూపము తీసికోవాలో ఇక్కడ కనిపిస్తున్నది.

చివరిగా, పత్రిక ఫిలేమోనుకు మాత్రమే గాక అప్ఫియకు, అర్ఖిప్పుకు, అతని ఇంటనున్న సంఘమునకు కూడా వ్రాయబడినది. యజమానుడు తన పనివానిని ఎలా చూస్తాడన్నది ఇంటి విషయము, సంఘమునకు సంబంధము లేదు అనే మన వాడుకను మొదటి రెండు వచనములే త్రోసివేస్తున్నాయి.

5. ఒక అభ్యంతరము

పత్రికను ఈ రీతిగా చదివేవారు తప్పించుకోలేని ప్రశ్న ఒకటి ఉన్నది. ఒనేసిమును విడుదల చేయుమని పౌలు సూటిగా ఎందుకు వ్రాయలేదు? జాన్ బార్క్లే 1991లో వ్రాసిన వ్యాసములో ఈ అస్పష్టతను నిర్మొహమాటముగా చూపాడు. దాసుల పని మీదనే నడిచే ఇంటిలో సంఘము కూడుతున్నప్పుడు, విడుదల చేయమన్నా చిక్కే, ఉంచుకొమ్మన్నా చిక్కే; పౌలుకు కూడా స్పష్టమైన మార్గము దొరకలేదని అతని అభిప్రాయము.

14వ వచనములో బలవంతము వద్దన్నాడు, 21వ వచనములో చెప్పినదానికంటె ఎక్కువ చేస్తావన్నాడు, అదే విడుదల అని మనలో కొందరు జవాబిస్తారు. కావచ్చును. అయితే ఆ మౌనము వలన కలిగిన నష్టమును దాచకూడదు. పౌలు చెప్పకుండా విడిచిన ఒక్క మాటను, తరువాతి శతాబ్దముల యజమానులు తమకు అనుకూలముగా నింపుకొన్నారు. కొలస్సయి 3:22 నుండి 4:1 వరకు చూస్తే దాసులకు నాలుగు వచనములు, యజమానులకు ఒక్కటి ఉన్నాయి. ఆ నాలుగింటిని ప్రసంగించి ఆ ఒక్కదానిని విడిచిన చరిత్ర మనది. పౌలు మౌనము యజమానునికి ఇచ్చిన అనుమతి కాదని మేము నమ్ముతున్నాము. ఎందుకంటే సహోదరుడని చెప్పిన తరువాత బానిసగా ఉంచుకోవడానికి కారణము మిగలదు. కాని ఈ తీర్మానము పత్రికలోని మాటల నుండి మనము చేసికోవలసినది, పత్రిక మన చేతికి అందించినది కాదు.

6. ముగింపు

విశ్వాసము జీవితమును మారుస్తుందా అని అడిగినప్పుడు మన సంఘములు త్రాగుడు మానినవానిని, దొంగతనము మానినవానిని సాక్ష్యమునకు నిలబెడతాయి. ఆ మార్పు నిజమే, దానిని తక్కువ చేయము. అయితే సాక్ష్యమునకు నిలబడేవారు ఎప్పుడూ పేదవారే ఎందుకు? కూలి సరిగా ఇవ్వడము మొదలుపెట్టానని, పాలేరు బాకీ కొట్టివేశానని సాక్ష్యము చెప్పిన పెద్దను మా సేవ అంతటిలో మేము చూడలేదు. జక్కయ్య అటువంటి సాక్ష్యమే చెప్పాడు (లూకా 19:8). అది ఆదివారపు బడి పిల్లల పాటలో మిగిలింది గాని సంఘ పెద్దల కమిటీలోనికి రాలేదు.

ఈ పత్రికను ఇకముందు ప్రసంగించబోయే విద్యార్థులకు మా మనవి ఒకటే. ప్రసంగము సిద్ధపరచుకొనేటప్పుడు, మిమ్మల్ని భోజనమునకు పిలిచే ఇంటి పెద్దను మొదట తలచుకొనండి, ఆ ఇంటి పెరటిలో అంట్లు తోమేవారిని తరువాత తలచుకొనండి. పత్రిక మొదట ఎవరి చేతికి వచ్చిందో జ్ఞాపకముంచుకొనండి. అప్పుడు పిలుపు ఇచ్చే స్వరము కొంచెము వణుకుతుంది. ఆ తరువాతి గురువారము భోజనమునకు పిలుపు రాకపోవచ్చును కూడా.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు 1998లో మా దగ్గర జవాబు ఉన్నది. అప్పుడు మా జీతము చిన్నదే గాని, ఆ అడ్వాన్సు పెద్దగారితో కూర్చుండి మాట్లాడలేనంత పెద్దది కాదు. సగము మేము భరిస్తాము, సగము మీరు విడిచిపెట్టండి అని అనగలిగేవారము. ఆ మాట అనడానికి మాకు భయము వేసింది. పందొమ్మిదవ వచనమును మేము ఇప్పటికీ గట్టిగా చదవలేకపోతున్నాము.